మొక్కు నాకు, మాత్ర నీకు

రాజపాళయం,
కార్తికై నెల, దీపం మర్నాడు

యామినీ,

ఫోన్‌లో మాట్లాడితే నీకు దగ్గు తెర వస్తోంది. నిన్న నాలుగు మాటలకే ఆయాసపడ్డావు. ఇక మీద రాసుకుందాం. తిరుపతిలో బి.ఎడ్. చదివేటప్పుడు నేను నేర్చుకున్న తెలుగు అక్షరాలు నీకూ నేర్పాను కదా. మన ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు వీధి నిండా ఉన్నారు. రాసేవాళ్లను వెతకాలి. నీ వార్డులో ఇది ఎవరూ చదవలేరు. కాబట్టి దాచకుండా రాయవచ్చు.

జనని నా దగ్గర బాగుంది. ప్లస్ టూ పరీక్షల భయం తప్ప దానికి వేరే జబ్బు లేదు. ఎక్స్‌రే తీయించాను, శుభ్రంగా ఉంది. మీ ఆయన రాజగోపాల రోజూ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, పొద్దున్నే వచ్చి కూతురి ముఖం చూసి పోతున్నాడు. తిని పొమ్మంటే కాఫీ చాలంటాడు.

నిన్ను అక్కడ చేర్చి వచ్చేటప్పుడు అడిగావు: "అక్కా, పోయిన జబ్బు ఏంటికి తిరిగి వచ్చినాది? మారియమ్మకు నా మీద కోపమా?" బస్సుకు టైమైందని వచ్చేశాను. దారంతా అదే ఆలోచించాను.

నిరుడు జరిగింది ఇద్దరం చూసిందే. టి.బి. అన్నారు. రెండు నెలలు మాత్రలు వేసుకున్నావు, దగ్గు ఆగింది. పంగుని నెలలో మారియమ్మకు నిప్పులు తొక్కుతానని మొక్కుకుని, చేతికి కాప్పు, ఆ పసుపు తోరం, కట్టుకున్నావు. ఒంటిపూట పాలు, పండు. ఖాళీ కడుపున మాత్రలు ఇమడక వాంతులయ్యాయి. కాప్పు విప్పేదాకా అని ఆపావు. నిప్పులు తొక్కే రోజే జ్వరంతో పడుకున్నావు. మొక్కు సగంలో నిలిచింది. ఒళ్లు తేలికపడ్డాక మాత్రలు మళ్లీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు మామూలు మందులకు లొంగని టి.బి. అంటున్నారు.

అమ్మ కోపం సంగతి నాకు తెలియదు. క్రిమి సంగతి కొంచెం తెలుసు. అది చెబుతాను.

బాక్టీరియా అంటే ఒకే ఒక కణం. మన కణంలో ఉన్నట్టు దానికి లోగది లేదు. గుణాలన్నీ రాసి ఉన్న డి.ఎన్.ఎ. ఒక పొడుగాటి దారం. రెండు కొసలూ కలిసి వలయంగా ఉంటుంది. దానికి నకలు తీసుకుని, కణం రెండుగా చీలుతుంది. ఆడా మగా లేదు, పెళ్లీ పేరంటమూ లేదు. పేగుల్లో ఉండే మామూలు క్రిమి నువ్వు తలస్నానం చేసి వచ్చేలోపు రెండవుతుంది. నీ ఊపిరితిత్తిలోనిదానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైన మైనం లాంటి కోటు. నిదానమైనది. మాత్రలు చాలావరకు చీలుతున్న క్రిమినే పట్టుకుంటాయి. పడుకున్నదాన్ని పట్టుకోవడం కష్టం. అది ఎప్పుడు లేస్తుందో తెలియదు గనక నెలల తరబడి వాకిట్లో కాపలా ఉండాలి.

కాపలావాడు మధ్యలో ఇంటికి పోయాడు. జరిగింది అదే.

మిగతాది తర్వాత రాస్తాను. నీ పేర రోజూ ఒక ఒత్తి ఎక్కువ వేస్తున్నాను.

అక్క రుక్మణి


ఆడవాళ్ల వార్డు, మదురై దగ్గర,
కార్తికై చివర

అక్కా,

నీ ఉత్తరం సిస్టర్ తమిళ్‌సెల్వి తిప్పి తిప్పి చూసింది. "ఏమిది, కాగితం మీద జిలేబీలు పిండినారు?" అంది. తెలుగు అన్నాను. "తినేదానికి బాగుండాది" అంటూ ఇచ్చింది.

పక్క మంచం సుబ్బమ్మాళ్‌ది చోళపురం. జిన్నింగులో పత్తి ఏరేది. వాళ్లింట్లోనూ తెలుగే. మొదటిరోజే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "రాజుల ఇంటి బిడ్డ కదా, దగ్గు కూడా మెల్లింగా దగ్గుతాండావు. మాకు ఆ నాజూకు లేదమ్మా" అంది. అప్పటినుంచి నాకు దగ్గు వచ్చినప్పుడల్లా "ఇంకా గట్టింగా, మిల్లు దాకా వినపడాల" అంటుంది. నవ్వితే ఎక్కువవుతోంది. అయినా నవ్వుతాను.

పొద్దున్న దోసెడు మాత్రలు. అందులో ఎర్రటిది ఒకటి ఉంది, లోపల నూనె ఉన్నట్టు మెత్తగా ఉంటుంది. దానితో ఒళ్లు నల్లబడుతుందని ముందే చెప్పారు. నల్లబడింది. అద్దంలో చూస్తే మాడిన దోసె. ఇంకొకదానితో అరికాళ్లు మండుతున్నాయి. అన్నం చూస్తే వికారం. పొద్దున లేవగానే, ఇంకొక రోజు వచ్చిందే అనిపిస్తుంది. నీకు కాకపోతే ఎవరికి రాస్తాను.

నీ క్లాసులో కూర్చోబెట్టావు కాబట్టి అడుగుతాను. డాక్టరు, క్రిమిలో జీన్ మారింది, పరీక్షలో కనపడింది అంటున్నారు. మారమని దానికి ఎవరు నేర్పారు? ఇక్కడికి వచ్చే నర్సు చదువు పిల్ల, బాక్టీరియాలు ఒకదానికొకటి జీన్‌లు ఇచ్చిపుచ్చుకుంటాయి అంది. నాది సుబ్బమ్మాళ్ క్రిమికి ఇస్తుందా? ఆమెది నాకా? ఇంకొకటి. ఆ ఎర్ర మాత్రకు పైన మెత్తటి తొడుగు ఉంది కదా, అది దేనితో చేస్తారు? ఊరికే అడుగుతున్నా.

మొక్కు సగంలో ఉందని నువ్వే రాశావు. ముడుపు నా తలగడ కింద ఉంది. పసుపు గుడ్డకు చెమట వాసన పట్టింది. అయినా తీయను.

యామిని


రాజపాళయం,
మార్గళి, రెండో వారం

యామినీ,

తెల్లవారుజామున భజనకు పోయి వస్తున్నాను. మంచు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మార్గళి అయ్యేదాకా వాటి మాట వినను.

నీ ప్రశ్న క్లాసులో కూడా వచ్చింది. ప్లస్ వన్‌లో మోనిష అని ఉంది, మన పక్క వీధి అమ్మాయి. లేచి, "టీచర్, మాత్రకు క్రిమి పళగిపోతాది కదా? మా తాతకు బీడీ పళగినట్టు" అంది. క్లాసంతా నవ్వింది. అందరూ అలాగే అనుకుంటారు, క్రిమి మాత్రకు అలవాటు పడుతుందని. ఏ క్రిమీ అలవాటు పడదు.

మన ఊరి వేటకుక్కల సంగతి చెప్పాను. ఒకే ఈతలో తెల్లపిల్లలూ పుడతాయి, మచ్చలవీ పుడతాయి. పెంచేవాళ్లు తెల్లవాటినే ఉంచుకుంటారు. తరతరాలుగా ఇదే. ఇప్పుడు ఎవరి వాకిట్లో చూసినా తెల్లకుక్కే. ఏ కుక్కా తెల్లబడడం నేర్చుకోలేదు.

"మరి మచ్చల పిల్లలు ఏమయినాయి టీచర్?" అంది మోనిష.

"మిగల్లేదు" అన్నాను.

క్రిమిలోనూ అంతే. డి.ఎన్.ఎ.కు నకలు తీసేటప్పుడు కోట్లలో ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పుతుంది. చాలా తప్పులతో క్రిమికే చేటు. కొన్నింటితో ఏమీ కాదు. ఎప్పుడో ఒక తప్పు, మాత్ర వచ్చి అతుక్కునే చోటనే పడుతుంది. ఇక మాత్ర అక్కడ అతకదు. ఆ క్రిమి నువ్వు మొదటి మాత్ర మింగక ముందే ఉండి ఉంటుంది, గుంపులో ఒకటిగా. మాత్ర దాన్ని పుట్టించలేదు. తక్కినవి చచ్చి దానికి చోటు దొరికింది. ఎవరూ నేర్పలేదు.

ఒక మాత్రను తప్పించుకునే క్రిమి ఉండవచ్చు. మూడు నాలుగింటిని ఒకేసారి తప్పించుకునేది ఉండడం అరుదు. ఒకదాన్ని తప్పించుకున్నది రెండోదానికి చిక్కుతుంది. అందుకే దోసెడు ఇస్తారు. ఏదీ ఎక్కువ కాదు.

నర్సు పిల్ల చెప్పింది నిజమే, కానీ వేరే జాతుల గురించి. వాటిలో పెద్ద వలయం కాక చిన్న చిన్న వలయాలు కూడా ఉంటాయి, ప్లాస్మిడ్ అంటారు. పక్కదానికి సన్నటి గొట్టం వేసి, ఆ చిన్న వలయానికి నకలు ఇచ్చేస్తాయి. తల్లి బిడ్డకు ఇచ్చినట్టు కాదు, పొరుగింటికి పప్పు ఇచ్చినట్టు. నీ క్రిమికి ఆ పొరుగు మర్యాద లేదు. దానిలో మార్పు తల్లి నుంచి బిడ్డకే పోతుంది. సుబ్బమ్మాళ్‌ను భయపడవద్దను.

తొడుగు జెలటిన్. జంతువుల ఎముకలు, తోలు ఉడికించి తీస్తారు. మొక్కల నుంచి చేసేవి కూడా ఉన్నాయి. నువ్వు చెప్పినంత మెత్తనిదంటే జంతువుదే అయి ఉంటుంది.

జనని భౌతికశాస్త్రంలో మార్కులు తెచ్చుకుంది. నీకు చెప్పమంది.

రుక్మణి


ఆడవాళ్ల వార్డు,
తై నెల

అక్కా,

అందరం బాగున్నాం. నేను బాగా తింటున్నాను. సుబ్బమ్మాళ్ ఒళ్లు చేసింది, వార్డంతా ఆమెను ఏడిపిస్తోంది. "కల్యాణ కళ వచ్చినాది" అంటే చేట్లో బియ్యం చెరిగినట్టు చేతులు ఆడిస్తుంది.

పాఠం అర్థమైంది. కుక్కల సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. ఇక ప్రశ్నలేమీ లేవు.

పంగునికి ఇంటికి పంపుతారా అని డాక్టరును అడిగాను. చూద్దామన్నారు. ఈ ఏడు మొక్కు తీర్చేస్తే మనసు నెమ్మదిస్తుంది. నువ్వు గుడి పూసారితో ఒక మాట చెప్పి ఉంచు.

ఎక్కువ రాయలేను. చేతులు బరువుగా ఉన్నాయి.

యామిని


రాజపాళయం,
మాసి నెల మొదట్లో

యామినీ,

ప్రశ్నలేమీ లేవని రాశావు. క్లాసులో ప్రశ్నలు లేవనే పిల్లను నేను మరోసారి చూస్తాను. అందుకే నిన్న చెప్పకుండా వచ్చాను.

చిక్కిపోయావు. బాగా తినేవాళ్ల గాజులు మోచేతి దాకా జారవు.

నువ్వు ముఖం కడుక్కోవడానికి పోయినప్పుడు సుబ్బమ్మాళ్ నన్ను కొళాయి దగ్గరికి పిలిచింది.

"టీచరమ్మా, నేను చెప్పినానని చెప్పొద్దు."

"చెప్పు."

"మీ చెల్లెలు దినమూ గుడ్డు నాకే పెడతాంది. నేనూ తినేసినాను, కాదనేదానికి నోరు రాలేదు. గుడ్డు పోతే పోనీ. ఆ ఎర్ర మాత్ర మింగేది లేదమ్మా. నాలిక కింద పెట్టుకొని, సిస్టర్ అట్ల పోయినాక తీసేస్తాంది. ఏంటికమ్మా అంటే, 'అది మాంసం సుబ్బమ్మా, నేను విరతంలో ఉండాను' అంటాంది. కాప్పు కట్టకుండానే విరతమా? నాకు ఒకటే భయంగా ఉండాది."

చెప్పవద్దంది. చెప్పేశాను. ఆమెతో పోట్లాడకు. నీ గుడ్డు తిని కూడా నీ మేలు కోరింది.

తొడుగు సంగతి రాసింది నేనే. అడిగినదానికి బదులిచ్చాను. ఎందుకు అడుగుతున్నావని అడగలేదు. మందుగా మింగేది తిండి కాదని ఆ పక్కనే రాసి ఉండాల్సింది.

ఇప్పుడు విను. ఆ ఎర్రది మానితే మానింది ఒకటే అనుకుంటున్నావు. కాదు. కట్టలోంచి ఒకటి తీస్తే, దానికి చిక్కాల్సిన క్రిమి తక్కినవాటిని తప్పించుకునే దారి వెతకదు, ముందే దారి ఉన్న క్రిమి మిగులుతుంది. నిరుడు మధ్యలో ఆపి రెండు మంచి మందులు పోగొట్టుకున్నావు. ఇప్పుడు చేతిలో ఉన్నవే చివరి వరస. వీటి తర్వాత ఏముందని డాక్టరును అడిగాను. ఆయన సూటిగా చెప్పలేదు.

మొక్కు వదిలెయ్యమని నేను చెప్పను. నేనూ రోజూ దీపం ముందు కూర్చునేదాన్నే. తీరని మొక్కు ఎంత బరువో తెలుసు. కాబట్టి అది నాకు ఇచ్చెయ్. ముడుపు రాజగోపాల చేత పంపు. కాప్పు నేను కట్టుకుంటాను. నిప్పులు నేను తొక్కుతాను. మాత్ర నువ్వు మింగు. రెండూ ఒక్క ఒంట్లో ఇమడవు.

డాక్టరుకు నువ్వే చెప్పు. వచ్చే ఆదివారం నేను వచ్చేసరికి చెప్పి ఉండకపోతే నేను చెబుతాను.

రుక్మణి


ఆడవాళ్ల వార్డు,
మాసి నెల

అక్కా,

నువ్వు నిప్పులు తొక్కుతావా? ఏ కాళ్లతో? ఆడి నెలలో చెప్పు కరిచిన పుండు దీపావళి దాకా మానని కాళ్లతోనా? సూది గుచ్చినా తెలియదని నువ్వే చెప్పావు. షుగర్ కాలి పుండులో ఏ ఏ క్రిములు కాపురం పెడతాయో పోయి నీ మోనిషకు చెప్పు. నేను మాత్ర ఆపితే అది తెలివితక్కువతనం. నువ్వు నిప్పుల్లో దిగితే అది భక్తి. అంతేనా?

డాక్టరుకు చెప్పాను. నువ్వు బెదిరించావని కాదు. సుబ్బమ్మాళ్ రెండు రోజులు నాతో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది, అది తట్టుకోలేక. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ తెమడ తీసుకున్నారు. గాజు గొట్టంలో వేసి క్రిమిని మొలిపిస్తారట. మొలిస్తే, ఉన్న మందుల్లో ఇంకా ఏవి పనిచేస్తాయో దాని మీద వేసి చూస్తారట. నిదానమైన క్రిమి కదా, వారాలు పడుతుంది. అప్పటిదాకా ఏదీ ఖాయంగా చెప్పలేమన్నారు. ఇంటికి పంపడం మాట ఎత్తవద్దన్నారు.

ఎర్ర మాత్ర ఇంకా మింగలేదు. సిస్టర్‌కు దాచడం లేదు, ఎదురుగానే వద్దంటున్నాను. ఎందుకో నీకు రాస్తాను. తెలుగులో కాబట్టి రాయగలను. నిరుడు మొక్కు సగంలో ఆపాను, జబ్బు తిరిగొచ్చింది. నువ్వు నకలు అన్నావు, అక్షరం అన్నావు. చదివినప్పుడు సరే అనిపిస్తుంది. కాగితం మడిచాక మళ్లీ భయం. ఈసారి విరతం చెడితే అది నా మీద పడదు అక్కా, జనని మీద పడుతుందేమో. అది నాతో ఒకే గదిలో పడుకున్న పిల్ల. నా ఒళ్లు ఎలాగూ పోయింది. దాని ఎక్స్‌రే శుభ్రంగా ఉండాలి, నాకు అంతే కావాలి.

నీ కాళ్లు నిప్పుల్లో పెట్టడానికి ముడుపు ఇవ్వను. రాజగోపాలను ఊరికే పంపించకు.

యామిని


రాజపాళయం,
మాసి, అమావాస్య వెళ్లాక

యామినీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాళ్ల విషయంలో నీ మాటే సరి. మరిచిపోయి కాదు, లెక్కచేయక రాశాను. ఈ వయసులో, ఈ చదువుతో, రాయకూడనిది.

పూసారి కాళిముత్తు దగ్గరికి పోయాను. ఆయన ఎండుగడ్డి మోపు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"పూసారీ, ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చొచ్చునా?"

"రక్తమైతే తీర్చొచ్చును. ఎవురిది?"

"చెల్లెలిది. తొక్కేది నేను. నాకు షుగర్ ఉండాది."

ఫోన్ కింద పెట్టాడు. "టీచరమ్మా, షుగర్ కాళ్లతో ఒకాయన నాకు చెప్పకుండా దిగినాడు. ఇప్పుడు బొటనవేలు లేదు. ఊరంతా అమ్మను అనలేక నన్ను అన్నారు. మీరు దిగొద్దు."

"అయితే మొక్కు?"

"నిప్పులకు ఆ పక్కన పాల గుంట ఉండాది కదా, తొక్కినోళ్లు వచ్చి కాలు పెట్టేది. దానికి పాలు పొయ్యండి. మొదటి మనిషి నుంచి కడా మనిషి దాకా. నిలబడే పొయ్యాల, కూర్చోగూడదు. కాప్పు కట్టుకొనే చెయ్యాల. అది కూడా మొక్కే."

"అమ్మ ఒప్పుకొంటుందా?"

"ఇన్ని కాళ్లు కాలకుండా చూసుకొనేది ఆమె. చల్లార్చేవాళ్లను కాదంటుందా? ఏంటి టీచర్, మీకు కూడా నేను పాఠం చెప్పాలనా?"

కాబట్టి నిప్పులు లేవు. పాలే.

జనని మీద పడుతుందేమో అన్నావు. నేను వాదించను. భయానికి పాఠం బదులు కాదు, అది నాకు ముప్పై ఏళ్లు చెప్పాక తెలిసింది. ఒకటే చెబుతాను. ముడుపు నీ చేతి నుంచి దిగిన క్షణం నుంచి మొక్కు నాది. చెడితే నా వల్ల చెడినట్టు. పడేది ఏదైనా నా మీద పడుతుంది. నాకు భయం లేదు. మారియమ్మతో నా పరిచయం పాతది.

రాజగోపాల బుధవారం వస్తాడు. ఊరికే పంపించడం లేదు.

రుక్మణి


ఆడవాళ్ల వార్డు,
మాసి చివర

అక్కా,

ఇచ్చేశాను. ఆయన రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు, చొక్కా లోపల పెట్టుకున్నాడు. వాకిలి దాకా పోయి వెనక్కి వచ్చి, "యామినీ, ఇది బస్సులో కింద పెట్టొచ్చునా?" అన్నాడు. ఒళ్లో పెట్టుకోమన్నాను. అదొక్కటే మాట్లాడాడు. ఆయన కళ్లు నాకంటే ఎర్రగా ఉన్నాయి. షిఫ్టు దిగి నిద్రపోకుండా వచ్చినట్టున్నాడు. తిండి పెట్టు.

ఆయన పోయాక సిస్టర్‌ను పిలిచి ఎర్ర మాత్ర అడిగాను. గొంతులో చాలాసేపు అడ్డంగా ఉన్నట్టే ఉంది. మర్నాడు పొద్దున జననికి ఫోన్ చేశాను. "ఏమమ్మా, ఏంటికి ఏమీ మాట్లాడవు?" అంది. దాని గొంతు విన్నాను, చాలు. దగ్గు వస్తోందని పెట్టేశాను.

తలగడ కింద చెయ్యి పెడితే ఖాళీగా తగులుతోంది. బాగుందో లేదో చెప్పలేను.

నిలబడేటప్పుడు మధ్యలో ఏదైనా తిను. షుగర్ దిగిపోతే పాల గుంటలో పడతావు. పూసారి మళ్లీ మాట పడాలి.

యామిని


రాజపాళయం,
పంగుని, పండగ మర్నాడు

యామినీ,

మొక్కు తీరింది.

మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. నా పక్కన ఇసక్కియమ్మాళ్, మూడు వీధుల అవతల పాలు పోసే ఆమె, బిందెలు అందించింది. తొక్కినవాళ్లు పరుగున వచ్చి గుంటలో కాళ్లు పెడతారు. పాలు బూడిదతో నల్లబడతాయి. మళ్లీ పోయాలి. ముఖాలు చూడలేదు, కాళ్లే చూశాను. వాపు కాళ్లు, పగిలిన కాళ్లు, మెట్టెల కాళ్లు. ఎవరి మొక్కు ఏమిటో. ఒక్కొక్కరికీ పోస్తూ నీ పేరే చెప్పుకున్నాను. వాళ్లకు తెలియదు.

మోనిష కూడా తొక్కింది. ఒగరుస్తూ వచ్చి నిలబడి, "టీచర్, ఈ పాలలో ఎన్ని బాక్టీరియా ఉండాది?" అంది.

"లెక్కపెట్టొద్దు, దిగు" అన్నాను.

"పాఠంలో అట్ల లేదే."

"ఇంటికి పోయి సబ్బుతో కడుగు. అది పాఠంలో ఉండాది."

నువ్వు చెప్పినట్టే మధ్యలో పండు తిన్నాను. నా షుగర్ మాత్ర కూడా అక్కడే, అందరూ చూస్తుండగా వేసుకున్నాను. ఇసక్కియమ్మాళ్, "విరతంలో మాత్రనా టీచర్?" అంది. అవునన్నాను. ఆమె తన నడుముకున్న సంచీలోంచి బి.పి. మాత్ర తీసి తానూ వేసుకుంది.

చివరి మనిషి వచ్చేసరికి చీకటి పడింది. కాళ్లు నావి కానట్టున్నాయి. ఇంటికి వచ్చాక జనని వాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒక్క గాయం లేదు. దానికి చూపించుకున్నాను, నీకు రాయాలి గనక.

గొట్టంలో ఇంకా ఏమీ తెలియలేదా? నేను ఫోన్ చేసి అడగను. తెలిసినప్పుడు రాయి.

రుక్మణి


ఆడవాళ్ల వార్డు,
చిత్తిరై మొదట్లో

అక్కా,

డాక్టరు ఈరోజు రౌండ్స్‌కు వచ్చి, మంచం చివర నిలబడి, ఏమీ మొలవలేదు అన్నాడు. నాకు అర్థం కాలేదు. గొట్టంలో వేసిన తెమడలో బతికి ఉన్న క్రిమి లేదట. మందులు వేసి చూద్దామంటే దేని మీద వేయాలి అన్నాడు. అంటే నేను ఆపిన రోజుల్లో కూడా తక్కిన మందులు ఎలాగో కాపలా కాశాయి. "నీ అదృష్టం. రెండోసారి అడగొద్దు" అన్నాడు.

"ఏమీ లేదని చెప్పేదానికా సార్ ఇన్ని వారాలు?" అన్నాను.

"ఉండాదని చెప్పేది సులభం. లేదని చెప్పేదానికే కాచుకోవాల" అన్నాడు.

ఇదొక్కటే చాలదు. నెలనెలా చూస్తారు. మాత్రలు ఇంకా ఏడాది పైన ఉన్నాయి. వచ్చే నెల కూడా ఇలాగే వస్తే ఇంటికి పంపి, అక్కడే మింగమంటారు.

సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్లంతా పిండేసిన గుడ్డలా ఉంది. సుబ్బమ్మాళ్ భుజం పట్టి కుదిపి, "ఏడువు, లేకుంటే నవ్వు. ఇట్ల గోడను చూస్తా కూర్చోవద్దు, నాకు భయమైతాంది" అంది. అప్పుడు ఏడ్చాను. ఆమె గుడ్డు నా పళ్లెంలో పెట్టింది. "అప్పు తీర్చుకొంటాండాను, మిగతావి తవణైలో" అంది. వాయిదాలంట.

జననికి నువ్వే చెప్పు. నేను చెబితే దగ్గు వస్తుంది.

యామిని


రాజపాళయం,
చిత్తిరై

యామినీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. జననికి తెలుగు చదవడం రాదు కదా, నేనే చదివి వినిపించాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. లేచి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. అవతల మిల్లు చప్పుడు. అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధిలోవాళ్లు కూడా విన్నారు.

తర్వాత నేను దీపం పెట్టి కూర్చున్నాను. ఇన్ని నెలలుగా రోజూ అడిగేది ఒకటే. నిన్న అది అడగడానికి లేదు. వేరే ఏమి అనాలో తోచలేదు. అలా కూర్చునే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి జనని నా పక్కనే నేల మీద, ఎంట్రన్స్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకుంటోంది. దీపంలో నూనె తానే పోసిందట. నన్ను లేపలేదు.

రుక్మణి